చుక్క చుక్కా కారే పాత కారుకు ఏ ఆయిల్ పోయాలి?

నరసరావుపేట: రాత్రి వాకిట్లో నిలిపిన కారును ఉదయం వెనక్కి తీయగానే నేలపై రూపాయి బిళ్లంత నల్లటి మరక కనబడుతుంది. పాత కారు ఉన్న ఇళ్లలో ఇది పరిచయమైన దృశ్యమే. మెకానిక్‌ను అడిగితే 'చిక్కటి ఆయిల్ పోస్తే ఆగిపోతుంది' అంటారు. దుకాణదారు ఖరీదైన సింథటిక్ డబ్బా చూపుతారు. పక్కింటివారు 'ఎలాగూ కారిపోయేదే కదా, లూజు ఆయిల్ చాలు' అని సలహా చెబుతారు. వీటిలో మొదటి మాట సగం నిజం. రెండోది చాలా సందర్భాల్లో అనవసరపు ఖర్చు. మూడోది ఇంజిన్‌కే ఎసరు పెట్టే పని.

మారుతి 800 తయారీ 2014 జనవరిలో, అంబాసిడర్ తయారీ అదే ఏడాది మే నెలలో నిలిచిపోయాయి. ఓమ్ని వ్యాను 2019లో ఆగింది. అయినా పల్నాడు పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఈ బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. ఇందుకు రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుంచి రూ.600 నుంచి రూ.5,000కు పెంచింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో అది రూ.10,000 అయింది. అంత సొమ్ము కట్టి నిలుపుకున్న కారును కొన్ని వందల రూపాయల ఆయిల్ దగ్గర పోగొట్టుకోవడం విచారకరం. లీకు చిన్నదైనంత మాత్రాన ఇంజిన్ పాడవదు. లీకు వల్ల ఆయిల్ తగ్గిందని గమనించకపోతేనే పాడవుతుంది. ఏ ఆయిల్ పోయాలన్న ప్రశ్న దీని తరువాతిదే.

చుక్కల లెక్క

నిమిషానికి ఒక్క చుక్క అంటే ఎవరికైనా స్వల్పంగానే తోస్తుంది. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. రాత్రి పది గంటలు బండి నిలిపితే ఆరు వందల చుక్కలు, అంటే 30 మిల్లీలీటర్లు. నెల తిరిగేసరికి 900 మిల్లీలీటర్లు. ఆయిల్ గేజి పుల్ల మీద పై గీతకూ కింది గీతకూ మధ్య దూరం చాలా కార్లలో లీటరుకు అటూఇటూగా ఉంటుంది. చిన్న కార్లలో అంతకంటే తక్కువే. అంటే పై గీత వరకు నింపిన ఆయిల్ ఒక్క నెలలో కింది గీతకు దిగిపోగలదు. నిజానికి ఇంజిన్ చల్లారి ఆయిల్ చిక్కబడేకొద్దీ చుక్కలు నెమ్మదిస్తాయి. కానీ బండి నడిచేటప్పుడు కారేది మన కంటపడదు. రోడ్డు మీద పోయింది ఎంతో తెలియాలంటే గేజి పుల్లను చూడడం ఒక్కటే మార్గం.

డ్యాష్‌బోర్డుపై నూనె డబ్బా ఆకారంలో వెలిగే ఎర్ర దీపాన్ని నమ్ముకుని కూర్చునేవారు చాలామంది. పాత కార్లలో ఆ దీపం ఆయిల్ ఎంత ఉందో చెప్పదు. ఆయిల్ పీడనం పడిపోయినప్పుడు మాత్రమే వెలుగుతుంది. అప్పటికే పంపు గాలి పీలుస్తూ, క్రాంకు, కనెక్టింగ్ రాడ్ బేరింగులు పొడిగా రాసుకుంటూ ఉంటాయి. వెలిగిన వెంటనే ఇంజిన్ ఆపాలి. 'ఊరు దగ్గర్లోనే ఉంది, వెళ్లిపోదాం' అనుకుంటే ఆ కొద్ది దూరమే ఇంజిన్ విప్పించి బోరింగు, క్రాంకు గ్రైండింగు చేయించే వరకు తీసుకువెళ్తుంది.

బండిని సమతలంపై నిలిపి, ఇంజిన్ ఆపి, ఐదు పది నిమిషాలు ఆగిన తరువాతే గేజి పుల్ల తీయాలి. ఒకసారి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీసి చూడాలి. లీకున్న కారుకు వారానికోసారి, దూర ప్రయాణానికి ముందు తప్పనిసరిగా ఈ పరీక్ష అవసరం. ఎంత కలిపామో, అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగామో చిన్న పుస్తకంలో రాసుకుంటే లీకు పెరుగుతోందో లేదో రెండు నెలల్లో తేలిపోతుంది.

అసలు కారేది ఎక్కడ?

ఏ ఆయిల్ అని అడగడానికి ముందు కారుతున్నది ఇంజిన్ ఆయిలేనా అన్నది తేల్చుకోవాలి. బండి కింద ఒక పాత అట్టముక్క పరచి రాత్రంతా ఉంచితే సగం సంగతి తెలుస్తుంది. గోధుమ లేదా నలుపు రంగులో జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. ఘాటైన గంధకపు వాసన వస్తే గేర్ ఆయిల్. పచ్చగా, తీయటి వాసనతో ఉంటే రేడియేటర్ కూలెంట్. స్వచ్ఛమైన నీరైతే ఏసీ నుంచి పడేదే, భయం లేదు. చక్రం లోపలివైపు గానీ, పెడల్ దగ్గర గానీ పల్చటి తడి కనిపిస్తే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. అలాంటప్పుడు బండిని కదపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించుకోవాలి.

ఇంజిన్ ఆయిలే అని తేలితే, చుక్క పడినచోటే లీకు ఉందని అనుకోరాదు. పైన ట్యాపెట్ కవర్ దగ్గర కారిన నూనె ఇంజిన్ ఒంటి మీదుగా జారి, గాలికి వెనక్కి పోయి, ఎక్కడో గేర్‌బాక్స్ దగ్గర చుక్కగా పడుతుంది. దాన్ని చూసి 'వెనక సీలు పోయింది, గేర్‌బాక్స్ దించాలి' అని తేల్చేసే మెకానిక్‌లూ లేకపోలేదు. గేర్‌బాక్స్ దించితే కూలి వేలల్లో ఉంటుంది. ట్యాపెట్ కవర్ ప్యాకింగు మార్చడం గంట పని. అందుకని ముందుగా చల్లారిన ఇంజిన్‌ను కిరోసిన్‌తో శుభ్రంగా తుడిపించి, పూర్తిగా ఆరనివ్వాలి. అనుమానమున్న చోట్ల టాల్కం పౌడర్ చల్లి, పది పదిహేను కిలోమీటర్లు తిప్పుకురావాలి. తెల్లటి పౌడర్‌పై నూనె గీత ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనబడుతుంది. పై నుంచి కిందికి చూడాలి. ట్యాపెట్ కవర్, డిస్ట్రిబ్యూటర్ అడుగు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఫిల్టర్, ముందువైపు టైమింగ్ కవర్, చివరగా ఆయిల్ చాంబర్, దాని డ్రెయిన్ బోల్టు. డ్రెయిన్ బోల్టు వాషరు పది ఇరవై రూపాయల వస్తువు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ పాత వాషరునే బిగించడం వల్ల కారే బండ్లు ఎన్నో ఉన్నాయి.

మరొక కారణాన్ని చాలామంది గుర్తించరు. పిస్టన్ల పక్క నుంచి కొంత గాలి, పొగ కింది చాంబర్‌లోకి దిగడం సహజం. ఆ గాలి బ్రీథర్ గొట్టం, దాని వాల్వు గుండా బయటకు పోవాలి. పాత బండ్లలో ఈ గొట్టం మడ్డి పట్టి మూసుకుపోతుంది. లోపల ఒత్తిడి పెరిగి, బాగున్న సీళ్ల నుంచి కూడా నూనెను బయటకు నెడుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత కాస్త వదులు చేసి చూస్తే మూత ఎగిరెగిరి పడడం, గట్టిగా గాలి చిమ్మడం గమనించవచ్చు. వేడి నూనె చింది పడవచ్చు కాబట్టి ముఖం దూరంగా పెట్టుకోవాలి. గొట్టం విప్పి శుభ్రం చేయిస్తే కొన్ని లీకులు ప్యాకింగు మార్చకుండానే తగ్గుతాయి. బ్రీథర్ సరిగా ఉన్నా గాలి అలాగే చిమ్ముతుంటే రింగులు అరిగాయని అర్థం. దానికి ఆయిల్ డబ్బాలో మందు లేదు.

అంబాసిడర్ యజమానులకు ఒక మాట. పాత 1489 సీసీ ఇంజిన్‌కు మూలమైన బ్రిటిష్ డిజైన్‌లో క్రాంకు వెనకవైపు రబ్బరు సీలు లేదు. క్రాంకు మీద చెక్కిన మరచుట్టు లాంటి గాడి తిరుగుతూ నూనెను లోపలికి లాగుతుంది. ఇంజిన్ ఆగితే ఆ లాగుడూ ఆగుతుంది. బేరింగులు అరిగిన బండి నిలిపిన తరువాత నాలుగు చుక్కలు రాల్చడం అందుకే. దానికోసం వేలు ఖర్చుపెట్టడం కంటే కింద ఒక రేకు పళ్లెం పెట్టుకోవడం ఉత్తమం.

డబ్బాపై అంకెల అర్థం

ఆయిల్ డబ్బాపై 20డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 వంటి గుర్తులు ఉంటాయి. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులభంగా కదులుతుందో చెబుతుంది. అది ఎంత తక్కువైతే ఉదయం స్టార్టు చేయగానే ఆయిల్ అంత త్వరగా పైకి చేరుతుంది. మన ప్రాంతపు చలికాలానికి 20డబ్ల్యూ ఇబ్బంది పెట్టదు. రెండో అంకె 100 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర చిక్కదనాన్ని సూచిస్తుంది. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్. 40 అంటే 12.5 నుంచి 16.3. 50 అంటే 16.3 నుంచి 21.9.

రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలిసినవే. 'ఇంత ఎండకు చిక్కటి ఆయిల్ పోయక తప్పదు' అన్న వాదన అక్కడి నుంచే పుడుతుంది. అందులో కొంత అతిశయోక్తి ఉంది. కూలింగ్ సరిగా ఉన్న ఇంజిన్‌లో నీటి వేడిని థర్మోస్టాట్ అదుపు చేస్తుంది కాబట్టి, ఆయిల్ వేడి బయటి ఎండతో సమానంగా పెరిగిపోదు. ఎండాకాలంలో నిండా జనంతో, ఏసీ వేసుకుని, ఎగువ రోడ్డుపై పోయేటప్పుడు మాత్రం వేడి నిజంగానే పెరుగుతుంది. రేడియేటర్ మడ్డి పట్టిన బండిలో మరింత పెరుగుతుంది. అలాంటి బండికి ముందు చేయాల్సింది రేడియేటర్ శుభ్రం చేయించడం.

మరి లీకు ఉంటే ఏం పోయాలి? కారుతో వచ్చిన చిన్న పుస్తకంలో ఉష్ణోగ్రతను బట్టి ఏ గ్రేడులు వాడవచ్చో పట్టిక ఉంటుంది. అందులో అనుమతించిన వాటిలో చిక్కటిది ఎంచుకోవాలి. పుస్తకంలో 20డబ్ల్యూ-40తో పాటు 20డబ్ల్యూ-50 కూడా ఉంటే, లక్ష కిలోమీటర్లు దాటి చిన్నగా కారుతున్న బండికి 20డబ్ల్యూ-50 పోసి చూడవచ్చు. వేడి మీద కారేది కొంత తగ్గుతుంది, అరిగిన బేరింగుల దగ్గర పీడనం కాస్త నిలుస్తుంది. లీకు మాత్రం పూర్తిగా ఆగదు. ఒక మెట్టు దాటి ఇంకా చిక్కటిదానికి పోతే మైలేజీ తగ్గుతుంది, ఉదయం స్టార్టు చేసినప్పుడు ట్యాపెట్ల వరకు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. ఇంజిన్ అరుగుదలకు ఆ మొదటి క్షణాలే కీలకం. ఇటీవలి కార్లలో 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 అని పుస్తకంలో ఉంటే ఈ ప్రయోగం అసలు చేయరాదు. వాటి సన్నటి ఆయిల్ దారులు పల్చటి ఆయిల్‌కు తగ్గట్టు చేసినవి.

కొందరు ఇంజిన్ ఆయిల్‌లో 90 నంబరు గేర్ ఆయిల్ కలుపుతుంటారు. గేర్ ఆయిల్ అంకెల కొలమానం వేరు. 90 గేర్ ఆయిల్ చిక్కదనం దాదాపు 40, 50 ఇంజిన్ ఆయిల్‌కు సమానం. రెట్టింపు చిక్కన అనుకోవడం భ్రమ. పైగా దానిలో గేర్ల కోసం వేసిన గంధక రసాయనాలు ఇంజిన్‌కు తగినవి కావు. ఈ అలవాటు మానుకోవాలి.

డబ్బాపై రెండో గుర్తు ఏపీఐ శ్రేణి. పెట్రోలు ఇంజిన్లకు ఎస్ అక్షరంతో మొదలవుతుంది. ఎస్‌ఎల్ 2001లో, ఎస్‌ఎం 2004లో, ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. కొత్త శ్రేణిని పాత కారుకు నిస్సందేహంగా వాడవచ్చు. పాత శ్రేణిని కొత్త కారుకు వాడరాదు. అంబాసిడర్ వంటి పాత ఇంజిన్లలో క్యామ్ షాఫ్టు, ట్యాపెట్లు నేరుగా రాసుకుంటాయి. వాటికి ఫాస్ఫరస్, జింకు కలిసిన రసాయనం రక్షణ. కొత్త శ్రేణుల్లో ఫాస్ఫరస్‌పై పెట్టిన పరిమితి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 వంటి పల్చటి గ్రేడులకే వర్తిస్తుంది. అందువల్ల కూడా ఆ బండికి 20డబ్ల్యూ-50 సరైన ఎంపిక. సుమో వంటి పాత డీజిల్ బండికి మాత్రం సీ అక్షరంతో మొదలయ్యే శ్రేణి ఉన్న ఆయిలే పోయాలి. డీజిల్ మసిని మోసే శక్తి దానికి ఉంటుంది.

సింథటిక్ కావాలా?

సింథటిక్ పోస్తే లీకు మొదలవుతుందన్న మాట తరచూ వినబడుతుంది. ఆరంభ కాలపు కొన్ని సింథటిక్ ఆయిళ్లు రబ్బరు సీళ్లను కాస్త ముడుచుకునేలా చేసిన మాట వాస్తవం. తరువాత ఆ లోపాన్ని సరిచేశారు. ఇప్పటి ఆయిల్ కొత్తగా రంధ్రం చేయదు. అయితే ఏళ్ల తరబడి మడ్డి పేరుకుని మూసుకుపోయిన పగుళ్లను కడిగేస్తుంది. అంతవరకు దాగి ఉన్న లీకు బయటపడుతుంది. కారిపోతూ, మళ్లీ కలుపుతూ ఉండే బండికి ఖరీదైన సింథటిక్ పోయడం డబ్బు నేలపాలు చేయడమే. సరైన గ్రేడు, సరైన శ్రేణి ఉన్న మంచి మినరల్ ఆయిల్ చాలు. కాస్త ఖర్చు భరించగలిగితే సెమీ సింథటిక్ పోయవచ్చు.

ఎక్కువ దూరం తిరిగిన బండ్ల కోసం విడిగా చేసిన 'హై మైలేజ్' ఆయిళ్లు అమెరికా వంటి దేశాల్లో విరివిగా దొరుకుతాయి. అక్కడ వీటిని 75 వేల మైళ్లు, అంటే సుమారు 1.2 లక్షల కిలోమీటర్లు దాటిన కార్లకు సూచిస్తారు. గట్టిపడిన రబ్బరు సీళ్లను మెత్తబరచి స్వల్పంగా ఉబ్బించే రసాయనాలు వీటిలో ఉంటాయి. ఫలితం ఒక్క రోజులో రాదు, కొన్ని వేల కిలోమీటర్లు పట్టవచ్చు. చిరిగిన సీలుకు, బెండు ప్యాకింగుకు దీనివల్ల ప్రయోజనం లేదు. మన ఊళ్ల దుకాణాల్లో అడిగినా దొరకకపోవచ్చు. దొరకలేదని చింతించాల్సిన పనీ లేదు. లీకు ఆపుతుందని విడిగా అమ్మే చిన్న సీసాల మందులను చివరి ప్రయత్నంగా మాత్రమే చూడాలి. మోతాదు మించితే సీలు మరీ మెత్తబడి, లీకు మునుపటికంటే పెరుగుతుంది.

లూజు ఆయిల్ విషయంలో మాత్రం రాజీ వద్దు. డ్రమ్ము నుంచి కొలిచి పోసే ఆయిల్‌లో ఏముందో కొన్నవారికి తెలియదు, అమ్మినవారికీ తెలియకపోవచ్చు. వాడేసిన నూనెను వడగట్టి రంగు తేల్చి అమ్మే మోసాలు కొత్తవి కావు. సర్వో, హెచ్‌పీ, మాక్ ఆయిళ్లు ఆయా చమురు సంస్థల పెట్రోలు బంకుల్లో లభిస్తాయి. ఏ కంపెనీదైనా మూత సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూసి బిల్లుతో కొనాలి. ఖాళీ డబ్బాను పాత సామాన్లవాడికి అలాగే ఇవ్వకుండా కత్తితో కోసి పారేయడం మేలు. లేకపోతే అదే డబ్బా మళ్లీ నిండి దుకాణానికి చేరుతుంది.

కలపడంలో జాగ్రత్తలు

దారిలో ఆయిల్ తక్కువైందని తెలిస్తే, అదే కంపెనీది దొరకలేదని ఖాళీ ఇంజిన్‌తో నడపరాదు. ఏపీఐ శ్రేణి ఉన్న ఏ ఇంజిన్ ఆయిలైనా కొద్దిగా కలుపుకోవచ్చు, గ్రేడు కాస్త మారినా పర్వాలేదు. మాచర్ల దాటి అడవి దారిలో మరేదీ దొరకనప్పుడు మోటార్‌సైకిల్ ఆయిల్ అర లీటరు పోసినా ఇంజిన్ నిలుస్తుంది. ఇంటికి చేరాక మార్చుకోవచ్చు.

ఎలాగూ కారుతుంది కదా అని పై గీత దాటించి పోయడం మరో పొరపాటు. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంకు చిలుకుతుంది. నురగ పుట్టి పీడనం తగ్గుతుంది. సీళ్లపై ఒత్తిడి పెరిగి లీకు ఇంకా ఎక్కువవుతుంది. రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉంటే సరిపోతుంది. 'రోజూ కొత్త ఆయిల్ కలుపుతూనే ఉన్నాం, మార్చడం దేనికి' అనుకోవడమూ సరికాదు. లోపల మిగిలినది పాత మసితోనే ఉంటుంది, ఫిల్టరు నిండుతూనే ఉంటుంది. మినరల్ ఆయిల్ వాడే పాత బండికి ఐదు వేల కిలోమీటర్లకో, ఆరు నెలలకో ఆయిల్, ఫిల్టరు రెండూ మార్చాలి. ట్యాపెట్ కవర్ లీకవుతోందని బోల్టులను బలంగా బిగించడం కూడా ప్రమాదమే. పల్చటి రేకు కవర్ వంగి, రెండు బోల్టుల మధ్య కొత్త సందు ఏర్పడుతుంది.

వెయ్యి కిలోమీటర్లకు అర లీటరులోపు పోతూ, చుక్కలు నేలపైనే పడుతుంటే ఆయిల్ కలుపుకుంటూ నడపవచ్చు. కొన్ని లీకులను మాత్రం పరిమాణంతో నిమిత్తం లేకుండా వెంటనే బాగుచేయించాలి. వేడి సైలెన్సర్ గొట్టంపై నూనె పడి పొగ, మాడు వాసన వస్తే నిప్పంటుకునే ముప్పు ఉంది. క్లచ్‌పై పడితే క్లచ్ జారి ఎక్కుళ్ల మీద బండి లాగదు. మారుతి 800, ఓమ్ని బండ్లలో టైమింగ్ బెల్టు రబ్బరుది. ముందువైపు సీలు నుంచి నూనె దానిపై పడితే బెల్టు నాని, పళ్లు ఊడి, నడి రోడ్డుపై ఇంజిన్ ఆగిపోతుంది. నేల మీద మరక లేకుండానే ఆయిల్ తగ్గుతూ, వెనక నీలి పొగ కనబడితే అది లీకు కాదు, ఇంజిన్ నూనెను మండిస్తోంది.

సీళ్లు, ప్యాకింగులు మన ఊళ్లో దొరకకపోతే గుంటూరు, విజయవాడ ఆటోనగర్‌లలో పాత మోడళ్లకు కూడా లభిస్తాయి. పాత సీలును విప్పి వెంట తీసుకెళ్తే కొలత తప్పదు.

మార్చినప్పుడు తీసిన నల్ల నూనెను కాలువలో, పొలం గట్టున పోయరాదు. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వాడిన నూనె ప్రమాదకర వ్యర్థం. షెడ్డులో మార్పిస్తే దాన్ని డ్రమ్ములో నిల్వచేసి, శుద్ధి చేసేందుకు అనుమతి ఉన్నవారికి ఇస్తున్నారో లేదో అడగాలి. ఇంటి వాకిట్లో పడిన చుక్కలపై రంపపు పొట్టు గానీ, పొడి ఇసుక గానీ చల్లి ఊడ్చితే మరక చాలావరకు పోతుంది.